ముల్లు కదలని మీటరు: పాత మల్టీమీటరును పరీక్షించి బాగుచేసుకునే పద్ధతి

హామ్ రేడియో నేర్చుకునే వారికైనా, వైరింగు పని చేసుకునే వారికైనా, ఇంటర్ ప్రాక్టికల్స్ రాసే వారికైనా మల్టీమీటరు లేనిదే పని జరగదు. కొత్త మీటరు కొనే స్తోమత అందరికీ ఉండదు. కానీ ప్రతి కళాశాల ప్రయోగశాలలోనూ, ప్రతి రేడియో క్లబ్బులోనూ ‘చెడిపోయింది’ అని చీటీ అంటించి బీరువా పైన పెట్టిన ముల్లు మీటర్లు రెండు మూడైనా ఉంటాయి. వాటిలో చాలావరకు నిజంగా చచ్చిపోయినవి కావు. వాటిని ఎలా పరీక్షించాలో, ఏ వరుసలో చూడాలో తమ్ముళ్లకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము ఇలాంటి సంక్షేమ వసతి గృహాల్లోనే ఉండి పదో తరగతి, ఇంటర్, డిగ్రీ పూర్తి చేసి, ఇప్పుడు ఎమ్మెస్సీ ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాం. మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. పుస్తకంలో చదివిన ఓమ్ సూత్రం చేతిలోకి వచ్చింది మాత్రం విశ్వవిద్యాలయం హామ్ క్లబ్బులో పాత మీటర్లు విప్పినప్పుడే. అందుకే ఆ పాఠాన్ని మీకు లెక్కలతో సహా చెబుతున్నాం. ఇందులో పదో తరగతి భౌతికశాస్త్రానికి మించినది ఏదీ లేదు.

హామ్ రేడియో సంగతి

ప్రభుత్వ లైసెన్సు తీసుకుని, లాభాపేక్ష లేకుండా, సొంత రేడియో సెట్టుతో ఇతరులతో మాట్లాడేవారిని హామ్‌లు అంటారు. టెలిఫోన్లు, సెల్‌ టవర్లు పడిపోయిన వేళ వీరి సేవ ఎంతో విలువైనది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో భారతి ప్రసాద్ గారి నాయకత్వంలోని హామ్ బృందం వీయూ4ఆర్‌బీఐ అనే పిలుపు గుర్తుతో పని చేస్తూ ఉంది. సరదాగా దూరదేశాలతో మాట్లాడటానికి వెళ్లిన ఆ బృందమే సాయం కోసం కబుర్లు చేరవేసింది. ఈ రంగంలో శిక్షణ ఇచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మన హైదరాబాదులోనే ఉంది. అలాంటి సమయంలో సెట్టు పనిచేయకపోతే మెకానిక్కు కోసం ఎదురుచూడలేం. తన సెట్టును తానే బాగుచేసుకోవాలి. దానికి ముందు తన మీటరును తాను నమ్మగలగాలి.

మీటరు లోపల ఏముంది?

శాశ్వత అయస్కాంతం ధ్రువాల మధ్య సన్నని తీగ చుట్టిన చిన్న చుట్ట ఉంటుంది. చుట్టలో కరెంటు పారితే అది తిరుగుతుంది. దానికి అతికిన ముల్లు స్కేలు మీద జరుగుతుంది. రెండు సన్నని స్ప్రింగులు దాన్ని వెనక్కి లాగుతూ ఉంటాయి. ఈ ఏర్పాటును 1882లో ఫ్రాన్సులో దెప్రే, దార్సన్‌వాల్ అనే శాస్త్రజ్ఞులు రూపొందించారు. వోల్టులు, ఆంపియర్లు, ఓమ్‌లు మూడింటినీ ఒకే పెట్టెలో కొలిచే ‘అవో మీటరు’ 1923లో ఇంగ్లండులో వచ్చింది. దాని వెనక ఉన్న డొనాల్డ్ మెకాడీ అక్కడి తపాలా శాఖ ఇంజనీరు. లైన్లు చూసే పనిలో వేర్వేరు పరికరాలు మోయలేక అన్నిటినీ ఒకటిగా చేశాడు. పని చేసేవాడి ఇబ్బందిలోంచే మంచి పరికరం పుడుతుందనడానికి ఇది ఉదాహరణ.

మనకు దొరికే చాలా మీటర్ల స్కేలు మూల మీద ‘వోల్టుకు 20,000 ఓమ్‌లు’ అని ఉంటుంది. దాని అర్థం ఏమిటి? ఒక వోల్టును 20,000 ఓమ్‌లతో భాగిస్తే 50 మైక్రో ఆంపియర్లు. అంటే ఆ చుట్టలో 50 మైక్రో ఆంపియర్లు పారితే ముల్లు స్కేలు చివరికి చేరుతుంది. ఈ ఒక్క సంఖ్య గుర్తుంటే మిగతా మీటరంతా మన లెక్కకు అందుతుంది.

విప్పే ముందు చూడవలసినవి

చాలామంది ముందుగా స్క్రూడ్రైవరు పట్టుకుంటారు. అది సరికాదు. ఈ వరుస పాటించండి.

1. వైర్లు: మీటరు కంటే ముందు చెడిపోయేవి దాని ఎర్ర, నల్ల వైర్లే. ప్లగ్గు దగ్గర వంగి వంగి లోపల తీగ తెగుతుంది, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. ఓమ్ రేంజిలో పెట్టి రెండు కొనలు కలిపి, వైర్లను అక్కడక్కడ వంచి చూడండి. ముల్లు ఊగిసలాడితే తప్పు వైరుదే.

2. సెల్లులు: పాత సెల్లులు కారి కాంటాక్టు రేకులకు పచ్చని, తెల్లని చిలుము పట్టిస్తాయి. వెనిగరు అద్దిన దూదితో తుడిచి, తరువాత మంచినీళ్ల దూదితో తుడిచి, బాగా ఆరనివ్వాలి.

3. ఫ్యూజు: గాజు ఫ్యూజులో తీగ కంటికి కనిపించినా చివర తెగి ఉండవచ్చు. బయటికి తీసి పరీక్షించాలి. దాని స్థానంలో రాగి తీగ చుట్టడం మహా ప్రమాదం. అదే రేటింగు ఫ్యూజు వేయాలి.

4. ముల్లు: సున్నా దగ్గర ఉందా? మీటరును బల్ల మీద పడుకోబెట్టి, నిలబెట్టి, పక్కకు వాల్చి చూడండి. ప్రతిసారీ సున్నా మారుతుంటే ముల్లు తూకం తప్పిందన్నమాట. ముందరి ప్లాస్టిక్ అద్దాన్ని పొడిబట్టతో తుడిస్తే దానిమీద స్థిర విద్యుత్తు చేరి ముల్లు గాలిలో నిలబడిపోతుంది. కొంచెం సబ్బు నీరు తడిపిన బట్టతో తుడిస్తే అది పోతుంది. ఈ చిన్న సంగతి తెలియక మంచి మీటర్లను మూలన పడేసినవారు ఉన్నారు.

చుట్ట బతికి ఉందా?

పై నాలుగూ సరిగా ఉన్నా ముల్లు లేవకపోతే, వైర్లు రెండూ తీసివేసి వెనక మూత విప్పాలి. మూత విప్పి ఉన్నంతసేపు దాన్ని కరెంటు లైనుకు ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. చుట్టను మరో ముల్లు మీటరు ఓమ్ రేంజితో పరీక్షించవద్దు. ఎందుకంటే ఓమ్ రేంజిలో మీటరే కరెంటు పంపుతుంది. ఒకటో రేంజిలో అది 150 మిల్లీ ఆంపియర్ల దాకా పంపగలదు. మన చుట్టకు కావలసింది 0.05 మిల్లీ ఆంపియరు మాత్రమే. ముల్లు వంగిపోవచ్చు, తీగ మాడిపోవచ్చు.

సరైన పద్ధతి ఇది. చుట్ట నుంచి వచ్చే వైర్లలో ఒకదాన్ని బోర్డు నుంచి విడదీయండి. ఒక 1.5 వోల్టు సెల్లు, 100 కిలో ఓమ్ రెసిస్టరు, చుట్ట మూడింటినీ వరుసగా కలపండి. కరెంటు దాదాపు 15 మైక్రో ఆంపియర్లు. 50లో 15 అంటే ముల్లు స్కేలులో పదింట మూడు వంతులు లేవాలి. లేస్తే చుట్ట బాగున్నట్టే, జబ్బు ఇంకెక్కడో ఉంది. అసలు కదలకపోతే చుట్టగానీ స్ప్రింగుగానీ తెగినట్టు. కొంతదూరం పోయి ఆగిపోతే అయస్కాంతం సందులో ఇనుప రజను చేరినట్టు. ఆ రజనును సన్నగా చీల్చిన జిగురు టేపు కొనతో అద్ది తీయాలి. ఊదకూడదు, సూదితో పొడవకూడదు.

చుట్ట నిరోధం తెలుసుకోవాలంటే 9 వోల్టుల బ్యాటరీకి వరుసగా సుమారు 180 కిలో ఓమ్‌లు పెట్టి ముల్లును చివరికి తేవాలి. తరువాత చుట్టకు సమాంతరంగా ఒక మారే నిరోధం కలిపి, ముల్లు సరిగ్గా సగానికి దిగేదాకా తిప్పాలి. అప్పుడు కరెంటు సగం చుట్టలో, సగం ఆ నిరోధంలో పోతుంది. కాబట్టి రెండూ సమానం. ఆ నిరోధాన్ని విడదీసి కొలిస్తే చుట్ట నిరోధం తెలుస్తుంది. కింది లెక్కల కోసం అది 2 కిలో ఓమ్‌లు అనుకుందాం.

వోల్టు రేంజిలు: లెక్కతో దొంగను పట్టడం

వోల్టులు కొలవడానికి చుట్టకు వరుసగా పెద్ద నిరోధాలు పెడతారు. 10 వోల్టుల రేంజికి మొత్తం 200 కిలో ఓమ్‌లు కావాలి. చుట్ట 2 కిలో ఓమ్‌లు పోను 198 కిలో ఓమ్‌ల రెసిస్టరు. 50 వోల్టులకు మొత్తం 1 మెగా ఓమ్ కావాలి కాబట్టి దానికి ఇంకో 800 కిలో ఓమ్‌లు కలుపుతారు. 250 వోల్టులకు మొత్తం 5 మెగా ఓమ్‌లు కాబట్టి మరో 4 మెగా ఓమ్‌లు కలుపుతారు. ఇవి గొలుసులా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి.

పాత కార్బన్ రెసిస్టర్లు ఏళ్లు గడిచేకొద్దీ, తేమ తగిలేకొద్దీ విలువ పెరుగుతాయి. ఉదాహరణకు 800 కిలో ఓమ్‌లది 900 అయిందనుకోండి. అప్పుడు ఏం జరుగుతుంది?

10 వోల్టుల రేంజిలో ఆ రెసిస్టరు లేదు కాబట్టి తేడా ఉండదు. 50 వోల్టుల రేంజిలో మొత్తం 1.1 మెగా ఓమ్‌లవుతుంది. అసలు 50 వోల్టులిస్తే మీటరు 50 ÷ 1.1, అంటే సుమారు 45.5 చూపిస్తుంది. 250 రేంజిలో మొత్తం 5.1 మెగా ఓమ్‌లు. అసలు 250 ఇస్తే సుమారు 245 చూపిస్తుంది.

దీన్నిబట్టి ఒక సూత్రం తెలుస్తుంది. చిన్న రేంజి సరిగా ఉండి, తరువాతి రేంజిలో తేడా బాగా కనిపించి, ఆపై రేంజిలో తేడా తగ్గితే, ఆ మధ్య రేంజికి అదనంగా కలిపిన రెసిస్టరే దోషి. ఒక రేంజి పనిచేసి, దాని పై రేంజిలన్నీ చచ్చిపోతే గొలుసు అక్కడ తెగింది. అన్ని రేంజిల్లోనూ ఒకే శాతం తేడా ఉంటే దోషం రెసిస్టర్లది కాదు, చుట్ట దగ్గరే చూడాలి. బోర్డులో పదిహేను రెసిస్టర్లు ఉన్నా అన్నీ విప్పక్కర్లేదు. కాగితం మీద లెక్క వేస్తే ఏది మార్చాలో ముందే తెలిసిపోతుంది. మార్చేటప్పుడు ఒక శాతం ఖచ్చితత్వం ఉన్న మెటల్ ఫిల్మ్ రెసిస్టరు వేయాలి. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇలాంటివి విడిగా దొరుకుతాయి.

ఓమ్ రేంజిలు చెప్పే కథ

ఓమ్ స్కేలు మధ్యలో ఉన్న అంకె చూడండి. అది 20 అయితే, ఒకటో రేంజిలో మీటరు లోపలి నిరోధం మొత్తం 20 ఓమ్‌లు అని అర్థం. సెల్లులు రెండు, అంటే 3 వోల్టులు. కొనలు కలిపితే 3 ÷ 20, అంటే 150 మిల్లీ ఆంపియర్లు. పైన హెచ్చరికలో చెప్పిన సంఖ్య ఇక్కడిదే.

ఒకటో రేంజిలో ముల్లు సున్నాకు రాకుండా, వందో రేంజిలో వస్తోందనుకోండి. కాంటాక్టు రేకు చిలుములో 2 ఓమ్‌ల నిరోధం ఉందనుకుంటే, 150 మిల్లీ ఆంపియర్ల దగ్గర 0.3 వోల్టు అక్కడే పోతుంది. వందో రేంజిలో కరెంటు 1.5 మిల్లీ ఆంపియర్లే కాబట్టి పోయేది 0.003 వోల్టు మాత్రమే. కాబట్టి ఈ లక్షణం కనిపిస్తే సెల్లుల నీరసం, చిలుము, వైర్లు ముందు చూడాలి.

ఒకటో రేంజి పూర్తిగా చచ్చిపోయి మిగతావి బాగుంటే, ఎవరో ఓమ్ రేంజిలో పెట్టి కరెంటు లైను కొలిచారన్నమాట. 230 వోల్టులను 20 ఓమ్‌లకు ఇస్తే 11.5 ఆంపియర్లు, అంటే 2,600 వాట్లు దాటుతుంది. గింజంత రెసిస్టరు ఒక్క క్షణం కూడా నిలవదు. బోర్డు మీద నల్లగా మాడిన చోటు చూస్తే అది కనిపిస్తుంది.

పదివేల రేంజి ఒక్కటే పనిచేయకపోతే? ఆ రేంజిలో లోపలి నిరోధం 200 కిలో ఓమ్‌లు. 3 వోల్టులతో పారేది 15 మైక్రో ఆంపియర్లే, ముల్లు చివరికి రాదు. అందుకే చాలా మీటర్లలో అదనంగా 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. రెండూ కలిసి 12 వోల్టులు, 60 మైక్రో ఆంపియర్లు. ఆ బ్యాటరీ మార్చితే సరిపోతుంది.

ఏసీ రేంజిలు, సెలెక్టర్ స్విచ్

ఈ చుట్ట డీసీకి మాత్రమే తిరుగుతుంది. ఏసీ కొలవాలంటే డయోడుతో ఒక సగం తరంగాన్ని మాత్రమే పంపాలి. అలా పంపిన దాని సగటు ఏసీ వోల్టేజిలో 0.45 వంతు. అందుకే డీసీలో వోల్టుకు 20,000 ఓమ్‌లున్న మీటరు ఏసీలో 9,000 దగ్గర ఉంటుంది. డీసీ రేంజిలన్నీ బాగుండి ఏసీ రేంజిలన్నీ పోతే డయోడును అనుమానించాలి.

స్విచ్ తిప్పుతుంటే ముల్లు ఎగిరెగిరి పడితే కాంటాక్టుల మీద మురికి చేరినట్టు. ఐసోప్రొపైల్ ఆల్కహాలు రెండు చుక్కలు వేసి ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పితే చాలు. గరుకు కాగితంతో రుద్దితే పైపూత లేచిపోయి మళ్లీ బాగుపడదు.

సున్నా చూపిస్తే సురక్షితమేనా?

తమ్ముళ్లూ, ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. మా బంధువుల్లో ఒకాయన బోరు మోటారు స్టార్టరు బాగుచేస్తూ లైనును మీటరుతో చూశాడు. ముల్లు లేవలేదు. కరెంటు లేదనుకుని తీగ పట్టుకున్నాడు. నిజానికి కరెంటు ఉంది, మీటరు వైరు లోపల తెగి ఉంది. ప్రాణం దక్కింది కానీ కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ ముడవలేడు. ఆ చేతితో చేసే కూలిపని మీదే ఆ ఇల్లు నడిచేది.

చెడిన మీటరు తాను చెడ్డానని చెప్పదు, సున్నా అని చెబుతుంది. కరెంటు లేని లైను చూపించేదీ సున్నాయే. ఆ రెండు సున్నాలకూ తేడా తెలుసుకోవడానికి ఒకటే మార్గం. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట కొలవాలి, తరువాత అనుమానమున్న చోట కొలవాలి, మళ్లీ తెలిసిన చోట కొలవాలి. మొదట, చివర ముల్లు లేస్తేనే మధ్యలో చూపిన సున్నాను నమ్మాలి. ఇంత చేసినా మెయిన్ ఆపి ఫ్యూజు క్యారియర్లు తీసి జేబులో వేసుకున్న తరువాతే తీగ ముట్టాలి.

ఇంకొక మాట. బాగుచేసిన పాత మీటరును బ్యాటరీ సర్క్యూట్లకు, రేడియో సెట్లకు వాడండి. ఇంటి మెయిన్ బోర్డు, మోటారు స్టార్టరు, మూడు ఫేజుల లైను దగ్గర వాడవద్దు. అలాంటి చోట్ల కొలవడానికి క్యాటగిరీ 3 అని ముద్రించిన నమ్మకమైన మీటరు, పగుళ్లు లేని వైర్లు ఉండాలి. విద్యార్థులు ఆ పనికి ఒంటరిగా పూనుకోకూడదు.

సరిచూసుకోవడం

బాగుచేసిన మీటరును పరీక్షించడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక మంచి డిజిటల్ మీటరును పక్కన పెట్టుకుని కొత్త సెల్లు, 9 వోల్టుల బ్యాటరీ, 12 వోల్టుల బ్యాటరీలను రెండింటితోనూ కొలిచి పట్టిక రాసుకోవాలి. ముల్లు మీటరు ఖచ్చితత్వం మొత్తం స్కేలుకు 3 శాతం అని ఉంటే, 10 వోల్టుల రేంజిలో 0.3 వోల్టు అటూ ఇటూ ఉండవచ్చు. 9 వోల్టులు కొలిస్తే ఆ తేడా చిన్నదే. అదే రేంజిలో 2 వోల్టులు కొలిస్తే 1.7 నుంచి 2.3 దాకా ఏదైనా రావచ్చు. అందుకే ముల్లు స్కేలు చివరి మూడో వంతులో నిలిచే రేంజి ఎంచుకోవాలి.

మళ్లీ చెడకుండా రెండు 1ఎన్4148 డయోడులను ఎదురెదురుగా చుట్టకు అడ్డంగా సోల్డరు చేయండి. మామూలుగా చుట్ట మీద పడేది 50 మైక్రో ఆంపియర్లు × 2 కిలో ఓమ్‌లు, అంటే 0.1 వోల్టే కాబట్టి డయోడులు కదలవు. పొరపాటున ఎక్కువ వస్తే 0.6 వోల్టు దగ్గర అవి ఆ కరెంటును మళ్లించి చుట్టను కాపాడతాయి. ఖర్చు కొద్ది రూపాయలే.

బాగుపడని మీటరులోనూ పనికొచ్చేది ఉంది

బోర్డంతా మాడిపోయినా చుట్ట బతికుంటే పారేయవద్దు. హామ్‌లకు కావలసిన రెండు పరికరాలకు అదే ప్రాణం. చిన్న తీగ ఏరియల్, ఓఏ79 వంటి జెర్మేనియం డయోడు, ఒక కెపాసిటరు, ఈ చుట్ట కలిపితే ఏంటెనా నుంచి తరంగాలు వెలువడుతున్నాయో లేదో చూపే ఫీల్డ్ స్ట్రెంగ్త్ మీటరు అవుతుంది.

రెండోది ఎస్‌డబ్ల్యుఆర్ మీటరు. సెట్టు పంపిన శక్తిలో ఏంటెనా ఎంత వెనక్కి తిప్పి పంపుతోందో అది చెబుతుంది. ముందుకు పోయేదాన్ని స్కేలు చివరికి సరిచేసి, వెనక్కి వచ్చేదాన్ని చదవాలి. అది మూడో వంతు ఉంటే నిష్పత్తి (1 + 1/3) ÷ (1 − 1/3), అంటే 2. ఈ మీటరును అనుమానిస్తే, 100 ఓమ్‌ల 2 వాట్ల కార్బన్ రెసిస్టర్లు రెండు సమాంతరంగా కలిపి 50 ఓమ్‌ల లోడు చేసి, కొద్దిపాటి శక్తి పంపి చూడండి. 1 దగ్గర చూపాలి. చూపకపోతే లోపలి డయోడుల్లో ఒకటి పోయి ఉండవచ్చు. మార్చేటప్పుడు రెండింటినీ ఒకే రకంవి వేయాలి.

మీరే చేసి చూడండి

1. 12 వోల్టులకు రెండు 100 కిలో ఓమ్ రెసిస్టర్లు వరుసగా ఉన్నాయి. ఒకదాని మీద మన మీటరును 10 వోల్టుల రేంజిలో పెడితే 6 వోల్టులకు బదులు 4.8 చూపింది. మీటరు చెడిందా?

2. ఒక మీటరులో 10, 50 వోల్టుల రేంజిలు బాగున్నాయి. 250, ఆపై రేంజిలు పనిచేయవు. ఏ రెసిస్టరు చూడాలి?

జవాబులు: ఒకటి, చెడలేదు. మీటరు సొంత నిరోధం 200 కిలో ఓమ్‌లు 100తో సమాంతరంగా కలిసి 66.7 అయింది. లెక్క వేస్తే 4.8 సరిగ్గా వస్తుంది. రెండు, 4 మెగా ఓమ్‌లది.

మీ హాస్టల్లో చిన్న క్లబ్బు పెట్టుకోండి. ఒక సోల్డరింగ్ ఐరన్, కొన్ని రెసిస్టర్లు, ఒక లెక్కల నోటుబుక్కు చాలు. మీ స్కూల్లో, కాలేజీలో ‘చెడిపోయింది’ అని చీటీ ఉన్న మీటరును సైన్సు మాస్టారుగారి అనుమతితో తెచ్చుకోండి. ఏం చూశారో, ఏం మార్చారో తేదీతో సహా రాసి ఆ కాగితాన్ని మీటరు మూత లోపలే అంటించండి. మీ తరువాత ఆ మూత విప్పే తమ్ముడికి అది ఉపయోగపడుతుంది.